కమలకుమారి గీసిన మెడ

బొక్కలు ఉడకబెట్టి, తినకుండా, ఆ నీళ్లను మోరీలో పారబోసే ఆడమనిషిని మా ఛత్రినాక గల్లీ అంతకుముందు చూడలేదు. వండుకుని తిని ఉంటే ఎవరికీ పట్టేది కాదు. ఆదివారం వస్తే ఇంటింటా మాంసం ఉడికే గల్లీ అది. ఈమె మాత్రం ముక్క ముట్టదు. హుస్సేనీ ఆలం దాకా పోయి కసాయి దగ్గర మేక మెడలు, బాతు మెడలు ఏరుకొస్తుంది. కిరోసిన్ స్టవ్ మీద పొద్దంతా ఉడకబెడుతుంది. ఎముకలు కడిగి డాబా మీద జల్లెడ కింద ఆరబెడుతుంది. తినని మనిషికి బొక్కలెందుకు? ఈ ప్రశ్న మొదట వేసింది ఇంటి యజమానురాలు బుచ్చమ్మ. జవాబు మాత్రం గల్లీలో తలా ఒకటి చెప్పారు.

నేను బుచ్చమ్మ వాళ్ల ఎదురింటి కోడలిని, సర్కారు బడిలో పంతులమ్మను. పుట్టిల్లు సైదాబాద్. ఫలానావాళ్లు మంచివాళ్లని ఊరంతా చెప్పాక కూడా ఇంకొకరిని అడిగి తెలుసుకునే రకం. కాబట్టి ఈ కథలో నేను ఎవరి పక్షమూ కాదు. బుచ్చమ్మనూ అనుమానించాను, ఆ బొక్కల మనిషినీ అనుమానించాను.

ఆమె పేరు కమలకుమారి. సొంతూరు బందరు. నలభై దాటిన మనిషి, బక్క పలచన, కళ్లజోడు కాడ విరిగితే దారం చుట్టి అదే పెట్టుకునేది. వాళ్ల నాన్న అక్కడ డ్రాయింగు మాస్టారట. పెళ్లయిందా అని బుచ్చమ్మ అడిగితే, ‘అయింది, పోయింది’ అని అక్కడితో ఆపేసింది. హైదరాబాదులో ఒక కాలేజీలో జంతుశాస్త్రం వాళ్లకు బొమ్మలు గీసే ఉద్యోగం. డెబ్బై ఒకటిలో దసరా వెళ్లాక మా గల్లీకి అద్దెకొచ్చింది. అప్పటికి తెలంగాణ గొడవలు చల్లారి రెండేళ్లు కూడా కాలేదు. గోడల మీద ఆంధ్రావాళ్లను పొమ్మని తారుతో రాసిన రాతలు ఇంకా అలాగే ఉన్నాయి. ఆమె సామాను దించిన ఇంటి గోడ మీద కూడా ఒకటి ఉంది. అది చదివి, చదవనట్టు లోపలికి పోయింది. నేను కిటికీలోంచి చూశాను.

బుచ్చమ్మ మొగుడు ఈశ్వరయ్య పాల వ్యాపారం. ముందు వాకిట్లో బర్రెల కొట్టం, వెనక డాబా మెట్ల కింద ఒక గది. ఆ గదికి కమలకుమారి రెండు తాళాలు వేసేది. ఉన్న తాళం చాలక ఇంకోటి కొనుక్కొచ్చింది. కిటికీకి లోపలి నుంచి పాత దుప్పటి బిగించింది. కాలేజీకి పోతూ పోతూ తలుపు సందులో తల వెంట్రుక ఒకటి అంటించి పోయేది. తిరిగొచ్చాక అది అక్కడే ఉందా లేదా అని వంగి చూసుకునేది. దాన్ని బుచ్చమ్మ చూసింది. తల వెంట్రుకలతో ఏమేం చేస్తారో మా గల్లీలో చిన్న పిల్లలకు కూడా తెలుసు.

“పంతులమ్మా, గామెను నువ్వు అంటె మొఖం మాడ్చుకుంటది. మరి నేనేమన్న దొంగనా, తలుపుకు ఎంటికెలు అంటువెట్టి పోతది?” అని బుచ్చమ్మ నా దగ్గర మొత్తుకుంది.

“మీ ఇల్లే కదా, నువ్వే అడుగు,” అన్నాను.

“అడిగిన. ఏం లేదండీ అన్నది. ఏం లేనిదానికి రెండు తాళాలు ఏస్తరా?”

అడగడానికి చివరికి నేనే పోయాను. బడి పిల్లలకు కప్ప బొమ్మ కావాలని ఒక వంక కల్పించుకున్నాను. కమలకుమారి తలుపు చెయ్యి పట్టేంత తెరిచి, నా వెనక ఎవరైనా ఉన్నారేమో చూసి, లోపలికి రానిచ్చి మళ్లీ గడియ పెట్టింది. గదిలో వంట సామాను కంటే రంగుల గిన్నెలు ఎక్కువ. ఒక మూల తీగకు గుచ్చిన ఎముకల దండలు వేలాడుతున్నాయి. గోడకు ఆనించిన పెద్ద చెక్క మీద, మంచమంత కాగితం మీద, ఉంది ఆ బొమ్మ.

“ఇదేంటో చెప్పండి చూద్దాం,” అంది.

“తాబేలుకు పాము మెడ అతికించినట్టుంది,” అన్నాను.

ఆమెకు కోపమొచ్చింది. “తాబేలూ కాదు, పామూ కాదు. డైనోసారు అసలే కాదు. సముద్రంలో బతికిన సరీసృపమండీ. మనుషులు పుట్టడానికి కోట్ల ఏళ్ల ముందే పోయింది. రాళ్లలో ఎముకలు దొరికాయి, అంతే.”

“మరి దీన్ని చూసిందెవరు?”

“ఎవరూ చూడలేదు.”

ఎవరూ చూడనిదాన్ని సరిగ్గా గీయడం ఏమిటో నాకు అర్థం కాలేదు. దాచడమెందుకో అంతకంటే అర్థం కాలేదు. అడిగితే చెప్పింది. ఇదివరకు ఆమె గీసిన చేపల బొమ్మలు, కప్పల బొమ్మలు ఇంకొకరి పేరుతో అచ్చయ్యాయట. ఈసారి కాలేజీలో కొత్త ప్రదర్శన గది కడుతున్నారు, పంద్రాగస్టుకు, అంటే ఆగస్టు పదిహేనుకు, తెరుస్తారు. ఆ పని చూసే పెద్ద, అచ్యుతరామయ్య, బొమ్మ కింద ఆమె పేరు రాయడానికి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడు గానీ, చెప్పిన రోజుకు బొమ్మ అందకపోతే పాతదే మళ్లీ తగిలిస్తానన్నాడు.

“పాతదాంట్లో మెడ ఎలా ఉందో తెలుసా? నీళ్ల మీద పడగెత్తిన తాచులా నిలబడి ఉంటుంది. అబద్ధం. జనానికి అలా ఉంటేనే నచ్చుతుందంటాడాయన. అలా లేవదండీ ఈ మెడ, లేవదు!” అంటూ బెండు ముక్కల దండ ఒకటి నా చేతిలో పెట్టింది. విదేశీ పుస్తకంలోని కొలతలు చూసి, మెడ ఎముకలు ఒక్కొక్కటీ బెండుతో చెక్కి, తీగకు గుచ్చింది. డెబ్బై దాకా ఉన్నాయి. ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి, ఎంత వంచినా కొద్దిగా వంగి ఆగిపోతున్నాయి. పక్కనే బాతు మెడ దండ ఎటు తిప్పితే అటు తిరుగుతోంది. ఎముక మీద ఎముక ఎలా కూర్చుంటుందో చేత్తో తెలుసుకోవడానికే ఆ కసాయి దుకాణం చుట్టూ తిరిగింది. ‘హడ్డీ లేకె క్యా కరేంగే అమ్మా’ అని, బొక్కలు తీసుకుని ఏం చేస్తావని, కసాయి కూడా అనుమానంగానే చూసేవాడట.

“ఇదంతా బుచ్చమ్మకు చెప్పరాదా?” అన్నాను.

“ఎందుకు చెప్పాలి? ఆవిడ నేను ఎప్పుడు ఖాళీ చేస్తానా అని చూస్తోంది. ఆంధ్రామె, ఆంధ్రామె అని వెనకాల అంటుంది. నాకు వినపడదనుకుంటుంది.”

అది నిజమే, అనేది. నేను కప్ప బొమ్మ పట్టుకుని వచ్చేశాను. అక్కడ చూసింది బుచ్చమ్మకు నేను చెప్పాను కూడా. కోట్ల ఏళ్ల కిందటి జీవి అనగానే ఆమె నన్ను కూడా ఒకలా చూడటం మొదలుపెట్టింది.

ఎండాకాలం పోయే రోజుల్లో బుచ్చమ్మ పెద్ద బర్రె పాలు తగ్గించింది. చేపదు, పాలు కిందికి దించదు, తన్నుతుంది, పొదుగు ముట్టనివ్వదు. దాణాకు తెచ్చిన పత్తి చెక్క బూజు వాసన కొడుతోందని నేను చెప్పాను. పంతులమ్మ మాట బర్రెల విషయంలో ఎవరు వింటారు? గల్లీ చివర దిష్టి తీసే రాజన్నను పిలిచారు. అతనికి ఇతరుల కష్టం అంటే మహా ఇష్టం. కొట్టమంతా తిరిగి, వెనక గది కిటికీ దగ్గర ఆగి, దుప్పటి సందులోంచి లోపలికి చూశాడు. చూసి వాకిట్లోకి వచ్చి, అందరికీ వినపడేలా చెప్పాడు.

“పాము తల, తాబేలు పెయ్యి, నాలుగు రెక్కలు. గిసొంటిది దేవుడు పుట్టియ్యలే. మనిషి పుట్టిచ్చిందంటె అది బాణామతే.”

ఆ మాట విని నాకు నిజంగా భయమేసింది. ఆ రోజుల్లో పల్లెల్లో బాణామతి, అంటే చేతబడి, చేశారని ఆడవాళ్లకు పళ్లు పీకారన్న వార్తలు పేపర్లో వచ్చేవి. మాది పట్నమే, అయినా పట్నంలో ఉన్నదంతా పల్లెల నుంచి వచ్చిన జనమే. నేను పోయి కమలకుమారిని హెచ్చరించాను. కొన్నాళ్లు ఎక్కడికైనా పొమ్మన్నాను.

“ఇల్లు ఖాళీ చేయించడానికి ఇదో ఎత్తా?” అంది. నన్ను తేరిపార చూసి, “మిమ్మల్ని ఆవిడే పంపిందా?” అని కూడా అంది. నాకు ఒళ్లు మండి వచ్చేశాను.

మర్నాటి నుంచి ఆమె బుచ్చమ్మ ఇంటి పాలు మానేసింది. వీధి చివర ఇంకొకరి దగ్గర గిన్నె పట్టుకుపోయి తెచ్చుకునేది, బర్రెల కొట్టం ముందు నుంచే. పాలమ్ముకునే ఇంట్లో ఉంటూ పాలు బయట కొనడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఈశ్వరయ్య ముఖం చిన్నబోయింది. బుచ్చమ్మ ఏమీ అనలేదు. నోరున్న మనిషి నోరు మూసుకుంటే నాకు మరీ అనుమానం. ఆ మౌనం వెనక ఏదో ఉందని మా ఆయనతో అన్నాను కూడా.

ఆషాఢం వచ్చింది. మా వైపు బోనాలకు ముందటి ఆదివారం, బొమ్మ పట్టుకుపోవడానికి కాలేజీ మోటరు నడిపేవాడి ఇంటికి పోయి మాట్లాడుకు వస్తానని కమలకుమారి పొద్దున్నే వెళ్లింది. బొమ్మ పూర్తయింది. ఎప్పటిలాగే తలుపు సందులో వెంట్రుక అంటించే ఉంటుంది, ఆమె పోవడం మా వాకిట్లోంచి నేను చూశాను. ఆమె మలుపు తిరిగిందో లేదో, రాజన్న నలుగురితో బుచ్చమ్మ ఇంట్లోకి పోయాడు. కాసేపటికి గొళ్లెం ఊడదీస్తున్న చప్పుడు. నేను చేతిలో పని పారేసి పరిగెత్తాను.

నేను పోయేసరికి గది నిండా జనం. ఎవరూ బొమ్మ దగ్గరికి మాత్రం పోలేదు. నీలం నీళ్లలో, మెడ ముందుకు చాపుకుని, ఆ జీవి ఎటో ఈదుకుపోతోంది. దాని కన్ను తడిగా మెరుస్తోంది. అబద్ధమెందుకు, నాకు కూడా ఒక్క క్షణం అది చూస్తున్నట్టే అనిపించింది. రాజన్న చేతిలో కిరోసిన్ డబ్బా ఉంది.

“నా ఇంట్ల అగ్గి పెట్టనియ్య,” అని బుచ్చమ్మ అడ్డం నిలబడింది. “ఏదున్నా సల్లవర్చాలె గని కాలుస్తరా?” ఆమె చేతిలో చెంబు. అందులో పసుపు నీళ్లు, బెల్లం, వేపాకు. అమ్మవారికి పోసే సాక. నేను ఆమె ఉద్దేశం అర్థం చేసుకుని చెయ్యి పట్టుకునేలోపు, వేపకొమ్మ ముంచి చల్లింది, కుంకుమ తీసి ఆ జీవి నుదుట పెట్టింది, మిగిలిన చెంబెడు నీళ్లు కాగితం పై అంచు నుంచి ధారగా వదిలింది.

నీటి రంగులవి. సముద్రమంతా జారి ఆ జీవి ఒంటి మీదికి వచ్చింది, ఒళ్లు జారి నేల మీదికి వచ్చింది. పసుపూ నీలమూ కలిసి ఆకుపచ్చగా మారి గడప దాకా పారింది. ఇన్ని నెలల పని! “ఎంత పని చేశావు బుచ్చమ్మా!” అని అరిచాను. నా మాట ఎవరూ వినలేదు, అందరూ దండం పెడుతున్నారు.

కమలకుమారి వచ్చేసరికి ఇంకా చుక్కలు పడుతూనే ఉన్నాయి. జనం పక్కకు జరిగారు. ఆమె గొళ్లెం చూసింది, నేల చూసింది, ఆఖరున బొమ్మ చూసింది.

“ఎవరు పోశారు?”

“నేనే పోసిన,” అంది బుచ్చమ్మ.

“మీరంతా కలిసి నన్ను తరిమెయ్యాలనుకున్నారు. పొమ్మంటే పోయేదాన్ని కదండీ. దీన్నెందుకు చంపారు?”

రాజన్న వెంటనే అందుకున్నాడు. “ఇన్నరా? పాణమున్నదని ఆమెనే ఒప్పుకుంటున్నది!”

నలుగురూ ఒక అడుగు ముందుకు వేశారు. నేను కమలకుమారి పక్కకు పోయి నిలబడ్డాను. అప్పుడు బుచ్చమ్మ ఖాళీ చెంబు రాజన్న కాళ్ల ముందు నేలకేసి కొట్టింది.

“నువ్వు ఊకో! గామె చేసిందని నువ్వన్నవ్, నేనన్లే. నేనేమనుకున్న ఎరుకేనా? గామెకే ఎవడో చేసిండనుకున్న. వచ్చినప్పుడు ఎట్లుండె, ఇప్పుడు ఎట్లయింది చూడు. తిండి లేదు, నిద్ర లేదు. తలుపేస్కొని గా బొమ్మతోని మాట్లాడ్తది, నేను చెవులార ఇన్న. ఆఖరికి నా ఇంటి పాలు సుత బంద్ వెట్టింది. గా బొమ్మనే తాగనిస్తలేదు గామెను! ఇంకో నెలైతె గామెను మింగుతుండె. అందుకు పోసిన సాక. గామెను ఇడిచిపెట్టుమని పోసిన.”

నేను ఇన్నాళ్లూ ఆమె మౌనం గురించి ఎన్నో అనుకున్నాను, ఇది మాత్రం నా ఊహకు అందలేదు. కమలకుమారి తడి నేల మీద అలాగే కూర్చుండిపోయింది. నా వైపు తిరిగి, “నిజమేనంటారా టీచరు గారూ?” అని అడిగింది. అంత జరిగినా ఆ మనిషికి ఇంకా అనుమానమే.

“మొండిదే గానీ అబద్ధమాడే మనిషి కాదు,” అన్నాను. నాకు తెలిసింది అంతవరకే.

సాయంత్రానికి కాగితం ఆరింది. నల్ల సిరా గీతలు చెక్కుచెదరలేదు. మెడ, రెక్కలు, పక్కటెముకల మీది వంపు అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కమలకుమారి కళ్లజోడు ఎత్తి పెట్టుకుని చాలాసేపు చూసి, “ఎముకల్ని బట్టి గీసింది నిలిచింది. పోయింది రంగే. రంగు నేను ఊహించిందే కదా,” అంది. అని ఏడ్చింది. ఆ కాగితం పసుపు పట్టి దేనికీ పనికిరాదు. కొత్త కాగితం మీద మొదటి నుంచీ గీయాల్సిందే.

ఆమె గీసినన్ని రోజులూ తలుపు తెరిచే ఉంది. నమ్మకం కుదిరి కాదు, గొళ్లెం ఊడిపోయింది కాబట్టి. బుచ్చమ్మ గడప మీద కూర్చునేది. కాపలాకా, కనిపెట్టడానికా అన్నది నేను తేల్చుకోలేకపోయాను. చింతపండు గింజలు తీస్తూ ఒకటే ప్రశ్నలు.

“మెడ ఎప్పుడు గట్లనే చాపుకొని ఉంటదా? పైకి లేపదా?”

“అంతగా లేవదండీ.”

“నీకెట్ల ఎరుక?”

కమలకుమారి బెండు దండ ఇచ్చి వంచి చూడమంది. బుచ్చమ్మ పాలు పితికే చేతులతో గట్టిగా వంచింది. రెండు ముక్కలు విరిగాయి, దండ మాత్రం లేవలేదు. “లేస్తలేదు,” అని ఒప్పుకుంది, అయిష్టంగానే. మర్నాడు రంగు దగ్గర పట్టుకుంది.

“రంగు ఎవరు చూసిండ్రు?”

“ఎవరూ చూడలేదు. నీళ్లలో ఉండేవాటికి పైన ముదురుగా, కింద లేతగా ఉంటుంది కాబట్టి అలా వేస్తున్నాను.”

“మరి తెల్వదని కింద రాయరాదు? జనం నిజమనుకుంటరు గద.”

కమలకుమారి కుంచె ఆపి ఆమెను చూసింది. బొమ్మ పూర్తయ్యాక కింద, తన పేరు పక్కన, చిన్న అక్షరాలతో ‘రంగు ఊహించినది’ అని రాసింది.

పంద్రాగస్టు దగ్గరికొచ్చింది. కాలేజీ మోటరు గల్లీలోకి రాదు, పెద్ద రోడ్డు మీదే ఆగింది. బొమ్మను చెక్కకు బిగించి, పాత చీర చుట్టాము. నేనూ కమలకుమారీ చెరో పక్క పట్టుకుని బయటికి వచ్చేసరికి, పోచమ్మ గుడి దగ్గర రాజన్న పదిమందితో అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఆ వారం గల్లీలో పిల్లలకు జ్వరాలొచ్చాయి. బర్రె ఇంకా చేపలేదు.

“గా బొమ్మ అమ్మవారి ముంగట్నుంచి పోవద్దు,” అన్నాడు. “పోతె గల్లికి అరిష్టం. వాపస్ తీస్కపోండ్రి, కాల్చుండ్రి.”

కమలకుమారి పట్టు జారి చెక్క ఒక పక్కకు ఒరిగింది. వేరే దారి లేదు. ఆ మధ్యాహ్నం లోగా అందకపోతే పడగెత్తిన పాత బొమ్మే గోడకెక్కుతుంది. నేను రాజన్నతో వాదించాను, పోలీసుల పేరెత్తాను. ఒక్కడూ కదల్లేదు. ఎవడి చేతిలో ఏముందో అని నేను చేతులే చూస్తున్నాను.

బుచ్చమ్మ కొట్టంలోంచి వచ్చింది. తలంటుకుని, కాళ్లకు పసుపు రాసుకుని ఉంది. చీర కొంగు చుట్ట చుట్టి నెత్తి మీద పెట్టుకుంది, మొన్న అమ్మవారికి బోనం కుండ ఎత్తినప్పుడు పెట్టుకున్నట్టే. “ఎత్తుండ్రి,” అంది. ఇద్దరం చెక్కను ఎత్తి ఆమె తల మీద పెట్టాము. బోనమెత్తిన ఆడదాన్ని మా గల్లీలో ఎవరూ ముట్టరు, ఎదురు రారు. రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని, తల తిప్పకుండా, ఆమె సరాసరి రాజన్న మీదికే నడిచింది.

“బుచ్చమ్మా, గది బోనం కాదు!” అని అరిచాడు.

“నా నెత్తి మీద ఏమున్నదో నాకెరుక. మా ఇంటి ఆడిబిడ్డ గీసింది. జరుగుండ్రి.”

ముందు ఆడవాళ్లు జరిగారు, తరువాత మగవాళ్లు. రాజన్న చివర జరిగాడు. నేను ఊపిరి పీల్చుకుని వెనక్కి చూస్తే, కమలకుమారి నడిగల్లీలో నిలబడి ఏడుస్తోంది. చెక్కకు చుట్టిన చీర అంచు జారి బుచ్చమ్మ ముఖం మీద పడింది. ఆమె ఆగింది.

“కమలమ్మా, ముందటికి రా,” అని పిలిచింది. “నాకు తొవ్వ కనవడ్తలేదు. చెయ్యి పట్టుకో.”

బుచ్చమ్మ ఒక చెయ్యి చెక్క నుంచి తీసి గాలిలోకి చాపింది. కమలకుమారి పరిగెత్తుకుపోయి ఆ చెయ్యి పట్టుకుంది.